ముఖం దాచలేని పొగ

బబులోను రాజు బల్ల మీది భోజనం వద్దన్న నలుగురు యూదా యువకుల చరిత్ర మన సండేస్కూలు పిల్లలందరికీ తెలుసు. రాజు తినే మాంసం, తాగే ద్రాక్షారసం తమకు అక్కర్లేదని, శాకధాన్యాలు, మంచినీళ్లు చాలని దానియేలు కోరాడు. అక్కడి పెద్ద అధికారిది ఒకటే భయం. ఈ కుర్రాళ్ల ముఖాలు తోటివారి ముఖాల కంటే వాడిపోయి కనిపిస్తే రాజు తన తల తీయిస్తాడు. అప్పుడు దానియేలు తమను చూసుకునే సేవకుని ముందు ఒక పరీక్ష పెట్టాడు. పది రోజులు ఇదే పెట్టండి, ఆ తర్వాత మా ముఖాలనూ వారి ముఖాలనూ పక్కపక్కన పెట్టి చూడండి అన్నాడు (దానియేలు 1:8-16). అది జ్ఞానానికి పెట్టిన పరీక్ష కాదు, ముఖానికి పెట్టిన పరీక్ష. నోటిలోకి ఏది వెళుతుందో అది ముఖం మీదికి వస్తుందని ఆ యువకుడికి తెలుసు.

ఈనాడు అదే పరీక్ష మన మధ్య కోట్లమంది ముఖాల మీద జరుగుతోంది. రాజు బల్ల స్థానంలో కిళ్లీ కొట్టు ఉంది. ద్రాక్షారసం స్థానంలో సిగరెట్టు, బీడీ, చుట్ట ఉన్నాయి. పొగ తాగడం ఊపిరితిత్తులకు, గుండెకు చేసే హాని గురించి అందరూ చెబుతూనే ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పొగాకు ఏటా 70 లక్షల మందికి పైగా ప్రాణాలు తీస్తోంది. అయినా ఇరవై ఏళ్ల యువకుడికి యాభై ఏళ్లకు వచ్చే గుండెపోటు ఎంత చెప్పినా దూరంగానే ఉంటుంది. అతనికి దగ్గరగా ఉన్నది ఒక్కటే, అద్దంలో కనిపించే తన ముఖం. అందుకే ఈ వారం ఆ ముఖం గురించే మాట్లాడుకుందాం.

విచిత్రం ఏమిటంటే, చాలామంది పొగ తాగడం మొదలుపెట్టేదే అందం కోసం. సినిమా కథానాయకుడు సిగరెట్టు వెలిగించే తీరులో ఒక దర్జా కనిపిస్తుంది. తెర అడుగున హెచ్చరిక వస్తుంది గాని కుర్రవాడి కన్ను హెచ్చరిక మీద ఉండదు, కథానాయకుడి పెదవుల మీద ఉంటుంది. మీసం మొలిచే వయసులో సిగరెట్టు పట్టుకుంటే మగవాడిలా కనిపిస్తామన్న భ్రమ కాలేజీ గేటు దగ్గర ఎంతమందిని పట్టిందో లెక్కలేదు. అందంగా కనిపించడానికి మొదలైన అలవాటు ఆ అందాన్నే తినడం మొదలుపెడుతుంది. ఏదెను తోటలో హవ్వ చూసిన పండు కూడా కన్నులకు ఇంపుగానే ఉంది కదా! శోధన ఎప్పుడూ వికారమైన ముఖంతో రాదు. దాని వికారమంతా తర్వాత మన ముఖం మీద తేలుతుంది.

అది ఎలా తేలుతుందో వైద్యశాస్త్రం స్పష్టంగా చెబుతోంది. సిగరెట్టు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉన్నాయి. వాటిలో నికోటిన్ చర్మంలోని సన్నని రక్తనాళాలను బిగించివేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది. ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు ప్రాణవాయువుతో కంటే ఈ వాయువుతో రెండు వందల రెట్లకు పైగా గట్టి బంధం. ఫలితంగా ముఖచర్మానికి చేరవలసిన రక్తమూ తగ్గుతుంది, చేరిన రక్తంలో ప్రాణవాయువూ తగ్గుతుంది. కాలువ చివరి పొలానికి నీరందకపోతే పైరు ఎలా వడలిపోతుందో చర్మం అలాగే వడలి, బూడిద రంగుకు తిరుగుతుంది. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొల్లాజెన్, సాగి మళ్లీ యథాస్థితికి రానిచ్చే ఎలాస్టిన్ అనే పోగులు పొగ వల్ల త్వరగా విరిగిపోతాయి. పీల్చడానికి పెదవులను పదేపదే బిగించడం వల్ల పై పెదవి మీద నిలువు గీతలు పడతాయి. పొగ కళ్లలోకి పోకుండా కళ్లు చికిలించడం వల్ల కంటి కొసల్లో ముడతలు లోతవుతాయి. రోజుకు ఇరవైసార్లు మడిచిన కాగితం మీద గీత పడకుండా ఎలా ఉంటుంది?

ఇది ఊహ కాదు. 1985లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో డగ్లస్ మోడల్ అనే వైద్యుడు 'పొగతాగేవారి ముఖం' గురించి ఒక వ్యాసం రాశారు. తన దగ్గరకు వచ్చిన రోగుల ముఖలక్షణాలను ఆయన పరిశీలించారు. ప్రత్యేకమైన ముడతలు, లోపలికి పోయిన బుగ్గలు, పైకి తేలిన ఎముకలు, బూడిద రంగు తిరిగిన చర్మం వంటి గుర్తులను బట్టి అప్పటికి పొగ తాగుతున్నవారిలో దాదాపు సగం మందిని కేవలం ముఖం చూసే గుర్తుపట్టవచ్చని తేల్చారు. 2013లో అమెరికాలో ప్రచురితమైన మరో పరిశోధన ఇంకా ఆలోచింపజేస్తుంది. అందులో 79 జతల కవలల ఫొటోలను, వారి అలవాట్లు తెలియని పరీక్షకుల ముందు పెట్టారు. ఒకే గర్భంలో, ఒకే పోలికతో పుట్టినవారే గాని ఒకరు పొగ తాగేవారు, ఇంకొకరు తాగనివారు. లేదా ఇద్దరూ తాగేవారే అయినా ఒకరు కనీసం ఐదేళ్లు ఎక్కువగా తాగినవారు. కళ్ల కింది సంచులు, ముక్కు పక్కనుంచి నోటి వరకు దిగే మడతలు, పెదవి మీది గీతలు, జారిన దవడ చర్మం ఎక్కువ పొగ తాగినవారిలోనే ఎక్కువగా కనిపించాయి. దేవుడు ఇద్దరికీ ఇచ్చిన ముఖం ఒకటే. తేడా తెచ్చింది పొగ.

ఇక నోటి సంగతి. పళ్లకు పట్టిన గార, నల్లబడిన చిగుళ్లు, చూపుడువేలు మధ్యవేలు మధ్య పసుపుపచ్చని తారు మరక, దుస్తులకు అంటిన వాసన - ఇవన్నీ మనకు తెలిసినవే. పెళ్లిచూపులకు వెళ్లేముందు వేళ్ల మీది మరకను నిమ్మచెక్కతో రుద్దుకునే యువకులు ఉన్నారు. ఆరాధనకు వచ్చేముందు లవంగం నమిలే పెద్దలూ ఉన్నారు. అయితే కనిపించే మరక కంటే ప్రమాదకరమైనది ఒకటుంది. మామూలుగా చిగుళ్లకు జబ్బు చేస్తే బ్రష్ పెట్టగానే రక్తం వస్తుంది. అది హెచ్చరిక. పొగ తాగేవారి చిగుళ్లలో రక్తనాళాలు బిగిసిపోవడం వల్ల జబ్బు లోపల ముదురుతున్నా రక్తం అంతగా రాదు. అంతా బాగానే ఉందనుకుంటూ ఉండగా పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది, పళ్లు కదులుతాయి, ఊడిపోతాయి, బుగ్గలు లోపలికి పోతాయి. మనస్సాక్షి మొద్దుబారడం గురించి పౌలు తిమోతికి రాసిన మాట ఇక్కడ గుర్తుకు రాక మానదు (1 తిమోతి 4:2). నొప్పి లేకపోవడం ఆరోగ్యం కాదు. రక్తం రాకపోవడం క్షేమం కాదు. ఒక పాపం మనలను బాధించడం మానేసిందంటే అది మనలను వదిలేసిందని అర్థం కాదు.

పొగ మగవారి సమస్య మాత్రమే అనుకునేవారు ఒకసారి ఉత్తరాంధ్ర తీరం వైపు చూడాలి. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెల్లో 'అడ్డపొగ' తాగే స్త్రీలను మనం ఎరుగుదుం. చుట్ట నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చడమే అడ్డపొగ. గాలికి చుట్ట ఆరిపోదని, బూడిద మీద పడదని, చేతులకు పని అడ్డం రాదని చెబుతారు. నిప్పు వేడి తిన్నగా అంగిలికి తగులుతుంది. అంగిలి తెల్లబారి, చిన్న చిన్న బుడిపెలు లేచి, కొందరిలో పుండై, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. ఈ విషయం మీద మన రాష్ట్రంలో 10,169 మంది పల్లెవాసులను పరీక్షించి చేసిన అధ్యయనం 1971లోనే అంతర్జాతీయ వైద్య పత్రికలో వచ్చింది. ప్రపంచానికి తెలిసిన ఆ సంగతి మన సంఘాల్లో ఎంతమందికి తెలుసు? మహిళా కూడికల్లో దాని ప్రస్తావన ఎన్నిసార్లు వచ్చింది? నోరు మూసుకుంటే అంగిలి కనబడదు. చర్మం మీది ముడతను లోకం చూస్తుంది గాని అంగిలి మీది మచ్చను ఎవరూ చూడరు. ఆ తల్లి కూడా చూసుకోదు. నోటిలో తెల్లని లేదా ఎర్రని మచ్చ గాని, మానని పుండు గాని రెండు వారాలు దాటి ఉంటే వెంటనే వైద్యునికి చూపించాలని ప్రతి కాపరీ, ప్రతి కాపరి భార్యా సంఘంలో చెప్పగలిగితే కొన్ని ప్రాణాలైనా నిలుస్తాయి.

ఇంతవరకు చదివిన కొందరు విశ్వాసులు వచ్చే ఆదివారం పక్కవారి పెదవుల రంగు చూడడం మొదలుపెడతారేమోనని మా భయం. దయచేసి ఆ పని చేయకండి. పెదవులు నల్లగా ఉన్న ప్రతివారూ పొగ తాగేవారు కారు. మన దేశంలో చాలామందికి పుట్టుకతోనే చిగుళ్లు, పెదవులు నలుపుగా ఉంటాయి. బుగ్గలు లోపలికి పోయిన ప్రతివారూ బీడీ కాల్చినవారు కారు. కొందరు ఆకలి తిన్నవారు, కొందరు ఎండలో రెక్కలు ముక్కలు చేసుకున్నవారు, కొందరు బిడ్డలకు పెట్టి తాము మానుకున్నవారు. యెష్షయి పెద్ద కుమారుని రూపం చూసి సమూయేలు ప్రవక్త అంతటివాడే పొరబడ్డాడు. మనుషులు పైరూపం చూస్తారు, దేవుడు హృదయం చూస్తాడని ఆయనకు అక్కడే బోధపడింది (1 సమూయేలు 16:7). కనుక ముఖం మీది గుర్తులు పక్కవాడిని చదవడానికి ఇచ్చినవి కావు. ఎవరి ముఖం వారు చదువుకోవడానికి ఇచ్చినవి. అద్దంలో తన ముఖం చూసుకుని, అవతలికి వెళ్లగానే తానెలా ఉన్నాడో మరచిపోయేవాని గురించి యాకోబు రాశాడు (యాకోబు 1:23, 24). పొగ తాగే సోదరుడు ప్రతి ఉదయం గడ్డం గీసుకుంటూ అద్దంలో ఆ గీతలను చూస్తాడు. గడ్డం పూర్తికాగానే మరచిపోయి జేబు తడుముకుంటాడు.

'బైబిల్లో పొగాకు అన్న మాటే లేదు కదా' అని అడిగేవారు ఉన్నారు. నిజమే, లేదు. పొగాకు అమెరికా ఖండాల మొక్క. 1492లో కొలంబస్ అటు వెళ్లిన తర్వాతే మిగతా లోకానికి తెలిసింది. మన దేశానికి పోర్చుగీసువారి ద్వారా వచ్చింది. 'ప్రసంగీకుల రాజు అని పేరొందిన స్పర్జన్ గారే సిగార్ తాగారు కదా' అని మరికొందరు అంటారు. అదీ నిజమే. 1874లో లండన్‌లో తన సొంత ప్రసంగ వేదిక మీదనే ఆయన ఆ అలవాటును సమర్థించుకున్నారు. కానీ ఆయన 1892లో ప్రభువు దగ్గరకు వెళ్లారు. పొగకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే శాస్త్రవేత్తలు బయటపెట్టింది 1950లో. అమెరికా ప్రభుత్వ వైద్యాధికారి నివేదిక వచ్చింది 1964లో. ఆయనకు లేని వెలుగు మనకు ఉంది. ఎక్కువ తెలిసినవాని దగ్గర దేవుడు ఎక్కువ అడుగుతాడు. భక్తుల విశ్వాసాన్ని అనుసరించాలి గాని వారి అలవాట్లను సాకుగా చూపకూడదు.

అసలు ప్రశ్న పొగాకు పేరు బైబిల్లో ఉందా లేదా అన్నది కాదు. కొరింథు సంఘంలో కూడా అన్నిటికీ తమకు స్వేచ్ఛ ఉందని వాదించినవారు ఉన్నారు. పౌలు వారితో స్వేచ్ఛ గురించి వాదం పెట్టుకోలేదు. తాను మాత్రం దేనికీ లోబడనన్నాడు (1 కొరింథీ 6:12). అదే అధ్యాయం చివర, దేహం మన సొత్తు కాదని, అది వెల పెట్టి కొనబడిందని, పరిశుద్ధాత్మకు ఆలయమని గుర్తుచేశాడు. నిద్ర లేవగానే దేవుని కంటే ముందు అగ్గిపెట్టెను వెదికే చేయి ఎవరి చేయి? వాక్యం వింటుండగా ఎప్పుడు బయటికి వెళ్దామా అని తొందరపడే మనసుకు యజమాని ఎవరు? ముఖం మీది ముడతల కంటే ఈ ప్రశ్న లోతైనది. ముడతలు వయసుతో అందరికీ వస్తాయి. నెరిసిన తల కిరీటమని లేఖనమే చెబుతోంది (సామెతలు 16:31). ముసలితనం సిగ్గుపడవలసినది కాదు. సేవలో, శ్రమలో, ప్రేమలో అరిగిపోయిన ముఖం అందమైనదే. ఒక యజమానికి బానిసగా అరిగిపోయిన ముఖమే బాధాకరం.

మరొక సంగతిని దాటవేస్తే నిజాయితీ అనిపించుకోదు. ప్రకాశం, నెల్లూరు, పశ్చిమ గోదావరి నేలల్లో పొగాకు పండించే కుటుంబాలు, బ్యారన్ల దగ్గర ఆకు కాల్చే కూలీలు మన సంఘాల్లో ఉన్నారు. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టి పిల్లలను చదివించిన తల్లులు ఉన్నారు. వారి కానుకలతో గుడులు కట్టుకుని, వారి మీదే రాళ్లు వేయడం తగదు. వేరే పంట, వేరే పని దొరికే దారి కోసం వారితో కలిసి ఆలోచించడం సంఘం బాధ్యత. పొగ మానమని చెప్పే నోటికి ఆ బాధ్యత కూడా ఉంది.

మరి పొగ తాగే సోదరుణ్ణి మన సంఘం ఎలా చూస్తోంది? చాలాచోట్ల అతను చివరి బెంచీలో కూర్చుంటాడు. వాసన వస్తుందేమోనని ఎవరికీ దగ్గరగా రాడు. ప్రభురాత్రి భోజనం సమయానికి మెల్లగా బయటికి వెళ్లిపోతాడు. మనం ముఖం చిట్లిస్తాం. అతను ఇంకాస్త దూరం జరుగుతాడు. చివరికి అతనికి దగ్గరగా మిగిలేది ఆ బీడీకట్ట ఒక్కటే. కుష్ఠరోగిని ముట్టుకున్న ప్రభువు శిష్యులమని చెప్పుకునే మనం పొగ వాసనకే ముక్కు మూసుకుంటే ఎలా? నికోటిన్‌కు లోబడడం ఒక వ్యాధి అని వైద్యశాస్త్రం చెబుతోంది. వ్యాధి ఉన్నచోట మందలింపు ఒక్కటే సరిపోదు. ప్రార్థన కావాలి, వైద్యం కావాలి, తోడు కావాలి. 'విశ్వాసం ఉంటే ఒక్కరోజులో మానేస్తావు' అని చెప్పి చేతులు దులుపుకోవడం సులువు. మానేసిన మూడో రోజు తల పగిలిపోతూ, చేతులు వణుకుతూ, ఇంట్లో అందరిమీద అరుస్తున్నవాని పక్కన కూర్చోవడం కష్టం. సంఘం చేయవలసింది ఆ కష్టమైన పనే. మళ్లీ పడిపోయినవాణ్ణి మళ్లీ లేపడం కూడా అందులో భాగమే. పేతురును ప్రభువు ఎన్నిసార్లు లేపాడో మనకు తెలుసు.

మానాలనుకునేవారికి సహాయం అందుబాటులోనే ఉంది. కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ సేవ 1800-11-2356కు ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు. పొగాకు ప్యాకెట్ మీదనే ఆ నంబరు ముద్రించి ఉంటుంది. నికోటిన్ చూయింగ్ గమ్, ప్యాచ్ వంటివి వైద్యుని సలహాతో వాడితే తొలివారాల బాధ తగ్గుతుంది. మందు తీసుకోవడం విశ్వాసలోపం కాదు. కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని పౌలు తిమోతికి చెప్పలేదా? కోరిక పుట్టిన ప్రతిసారీ అది కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ కొన్ని నిమిషాలు ఒక గ్లాసు నీళ్లతో, ఒక కీర్తనతో, ఒక స్నేహితునికి చేసే ఫోన్‌తో దాటవచ్చు.

మానితే ముఖం మారుతుందా? మారుతుంది. మానిన పన్నెండు గంటల్లో రక్తంలోని విషవాయువు మామూలు స్థాయికి దిగుతుంది. కొన్ని వారాల్లో రక్తప్రసరణ మెరుగుపడి చర్మానికి జీవం వస్తుంది. పొగ వల్ల నల్లబడిన చిగుళ్లు నెలలు గడిచేకొద్దీ చాలామందిలో తేటపడతాయి. లోతుగా పడిన ముడతలు అన్నీ పోవు. పోతాయని చెబితే అది అబద్ధమవుతుంది. క్షమాపణ దొరికిన తర్వాత కూడా కొన్ని ఫలితాలు మిగులుతాయని దావీదు జీవితం మనకు నేర్పింది. అయితే వైద్యులు గమనించిన ఒక చిన్న గుర్తు మమ్మల్ని ఎంతో ధైర్యపరుస్తుంది. ఏళ్ల తరబడి పొగ తాగి గోళ్లు పసుపు బారినవారు ఒక్కసారిగా మానేస్తే, మొదట్లోనుంచి కొత్త గోరు శుభ్రంగా, గులాబీరంగులో మొలుస్తుంది. పాత గోరుకూ కొత్త గోరుకూ మధ్య స్పష్టమైన గీత కనబడుతుంది. నెలకు మూడు మిల్లీమీటర్ల చొప్పున ఆ గీత ముందుకు జరుగుతుంది. దాదాపు ఆరు నెలలకు పసుపు భాగమంతా గోటి కొసకు చేరి, కత్తిరించినప్పుడు రాలిపోతుంది. మనిషి మానిన రోజును దేవుడు అతని గోటి మీదనే రాశాడు!

మోషే ముఖం ప్రకాశించిన సంగతి మోషేకు తెలియదు (నిర్గమ 34:29). అది అతను అద్దం ముందు తెచ్చుకున్న కాంతి కాదు, దేవుని సన్నిధిలో గడిపినందువల్ల వచ్చినది. మనం ఎవరి సన్నిధిలో ఎక్కువసేపు గడుపుతామో వారి గుర్తు మన ముఖం మీద పడుతుంది. పొగ సన్నిధిలో గడిపిన ఏళ్లు ఒక గుర్తు వేశాయి. ఇకమీదట గడపబోయే దినాలు మన చేతుల్లో ఉన్నాయి. దానియేలు అడిగింది పది రోజులే. పొగకు బానిసలైన సోదరులారా, తల్లులారా, మీరూ పది రోజులతో మొదలుపెట్టండి. సంఘమా, ఆ పది రోజులూ వారిని ఒంటరిగా విడిచిపెట్టకు.